మొదటి ఆమెన్

ఇస్సాకు ఒక మనిషికి కృతజ్ఞత చెప్పుకోవాలని ముప్పై ఏళ్ళుగా వెతుకుతున్నాడు. చిక్కల్లా ఆ మనిషి ఎవరో అతనికి తెలియదు. తెలిసిందల్లా ఒక గొంతు. ఆడగొంతు. అది కూడా చీకట్లో ఒక్క మాట పలికి ఊరుకున్న గొంతు.

"ఇంకో ఆడదాని గొంతు కోసం ఇన్నేళ్ళు తిరిగిన మొగుణ్ణి భరించింది నేనొక్కదాన్నేనండీ," అని అతని భార్య పుష్పమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వుతుంది. నవ్వుతుంది గానీ ఆవిడకీ ఆ గొంతంటే గౌరవమే.

సంగతి ఇదీ. కుర్రతనంలో ఇస్సాకు సినిమాల్లో వాయించాలని మద్రాసు వెళ్ళాడు. చేతులూపుకుంటూ తిరిగొచ్చేవాడే గానీ, ఒకరోజు రికార్డింగుకి రావలసిన గిటారు ఆయనకి జ్వరం తగిలింది. పక్కగదిలో ఉండే వయొలిన్ ఆయన ఇస్సాకుని లాక్కెళ్ళి కూర్చోబెట్టాడు. అది క్లబ్బు పాట. ఆ రోజుల్లో ప్రతి సినిమాలోనూ ఒక క్లబ్బు, క్లబ్బులో ఒక రాక్ అండ్ రోల్ పాట, పాట చివర విలన్ చేతిలో సీసా పగలడం ఉండి తీరాలి. డ్రమ్ములు దడదడలాడుతుంటే ఇస్సాకు వేళ్ళు తీగల మీద పరుగెత్తాయి. తన ఊరు తాడేపల్లిగూడెం సినిమాహాల్లో దొంగచాటుగా చూసిన ఇంగ్లీషు సినిమాల్లో విన్నదంతా అక్కడ కుమ్మరించేశాడు. అంతా బాగానే ఉంది. చివర్లోనే కొంప మునిగింది.

తాడేపల్లిగూడెం మిషన్ చర్చిలో ఒక అలవాటుంది. ఏ పాటైనా అయిపోగానే వాద్యం మీద ఆమెన్ వాయించాలి. మిగతా చర్చిల్లో అది నేరుగా దిగి ఆగుతుంది. గూడెంలో మాత్రం, ఎప్పుడో ఒక దొరసాని నేర్పిన పద్ధతిలో, దిగేముందు ఒకసారి పైకెళ్ళి తొంగిచూసి అప్పుడు దిగుతుంది. దిగగానే సంఘమంతా "ఆమెన్" అనాలి. ఇస్సాకు చిన్నప్పటినుంచీ ప్రతి ఆదివారం అదే వాయించాడు. పాట అయిపోయిందంటే వేళ్ళు వాటంతటవే అక్కడికి వెళ్ళిపోతాయి. మద్రాసులోనూ వెళ్ళాయి. క్లబ్బు పాట ఆఖరి దరువు పడి అందరూ ఆగగానే, ఇస్సాకు గిటారు ఒక్కటే పైకెళ్ళి, తొంగిచూసి, నింపాదిగా దిగింది.

అప్పట్లో ఒకడు తప్పు వాయిస్తే అందరూ మళ్ళీ మొదటినుంచి వాయించాలి. సంగీత దర్శకుడు అద్దం వెనకనుంచి బయటికొచ్చి, "ఆ చివర వాయించిందెవరయ్యా? బావుంది, ఉండనీ," అని వెళ్ళిపోయాడు.

సినిమా గూడెం వచ్చేసరికి ఇస్సాకు కూడా గూడెం వచ్చేశాడు. మద్రాసులో మళ్ళీ ఎవరికీ జ్వరం రాలేదు.

ఇక్కడ మా సంఘం కట్టుబాటు సంగతి చెప్పాలి. సినిమా చూసినట్టు తెలిస్తే ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి, రానివ్వరు. కట్టుబాటు గట్టిదే. కాకపోతే హాల్లో లైట్లు ఆరాక లోపలికొచ్చి, అవి వెలగకముందే లేచిపోయే వాళ్ళలో సగంమంది మనవాళ్ళే.

మొదటి మ్యాట్నీకి ఇస్సాకు వెనక గోడకి చేరబడి నిలబడ్డాడు. క్లబ్బు పాట వచ్చింది. నేల క్లాసంతా ఈలలు. పాట అయింది. గిటారు పైకెళ్ళి, తొంగిచూసి, దిగింది. అప్పుడు అడ్డుగోడ అవతల, ఆడవాళ్ళ వైపునుంచి, ఒక గొంతు నిండుగా "ఆమెన్" అంది. ఆ వెంటనే నేల, బెంచీ, బాల్కనీ, అన్నివైపులనుంచీ "ఆమెన్" అని లేచింది. వాళ్ళు అనాలని అనలేదు, నోళ్ళు అనేశాయి. అన్నాక ఎవరి గొంతు ఎవరిదో చీకట్లోనే పోల్చుకున్నారు, ఆ మొదటిది తప్ప. తెర మీద సీసా పగిలిందట గానీ, దాన్ని చూసినవాళ్ళు లేరు.

ఆ ఆదివారమే ఇస్సాకు మీద విచారణ. క్లబ్బు గంతులకి వాయించిన చేతులతో దేవుని పాటలు వాయించకూడదు, గిటారు తీసేసుకోవాలి అని ఫిర్యాదు. సంఘపెద్ద ఎలీయాజరుగారు నవ్వగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. ఆయన లేచి, బైబిలు తెరిచి, ఏదీ చదవకుండానే మూసేసి, "ఈ సంగతి ఇంతటితో వదిలేద్దామండి. ప్రార్థన చేసుకుందాం," అన్నారు. విచారిస్తే సగం సంఘం దొరికిపోతుందని పెద్దాయన జంకాడని అందరూ అనుకున్నారు. ఇస్సాకూ అదే అనుకున్నాడు.

మద్రాసు చేజారిపోయి, చేతిలో పనిలేని ఆ రోజుల్లో అతనికి మిగిలింది చర్చి గిటారు ఒక్కటే. అదీ పోయుంటే తను ఏమైపోయేవాడో తలుచుకుంటే ఇస్సాకుకి ఇప్పటికీ భయమే. ఆ గిటారు విని మనసుపడి పుష్పమ్మ అతన్ని చేసుకుంది. తర్వాత తణుకు పంచదార మిల్లులో షిఫ్టులు చేస్తూ కూడా ఆదివారం వాయించకుండా ఉన్నది లేదు. ఇదంతా ఎవరి పుణ్యం? మొదటి ఆమెన్ పడబట్టే మిగతావి పడ్డాయి. ఆవిడెవరో తెలిస్తే ఒక్కసారి చేతులు జోడించాలి. ఒకప్పుడు గూడెం చర్చిలో పాడి, భీమడోలు వెళ్ళిపోయిన సలోమిని అడిగితే, "నేను సినిమాలకెళ్ళే మనిషిలా కనబడుతున్నానా?" అని కోప్పడి కాఫీ కూడా ఇవ్వలేదు. ఏలూరులో రిటైరైన నర్సమ్మని అడిగితే, ఆవిడ అటూ ఇటూ చూసి, "రెండోది నాదేనండి. మొదటిది మాత్రం కాదు," అంది. ఆ తరం ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఇస్సాకుకి బెంగ ఎక్కువైంది.

రెండువేల ఏడులో ఆ హాలు మూసేసి ఫంక్షన్ హాలు కట్టాలనుకున్నారు. మూసేముందు హాలు ఓనరు జగన్నాథంగారు పాత సినిమాలు తెప్పించి వారం రోజులు మ్యాట్నీలు వేయించారు. అందులో ఆ సినిమా ఉందని పోస్టరు చూడగానే ఇస్సాకు ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆ పాట మళ్ళీ వింటే ఆ నోరు మళ్ళీ అనకుండా ఉండలేదని అతని నమ్మకం.

"పాత సినిమాకి మీరూ ఆవిడా తప్ప ఎవరొస్తారండీ," అంది పుష్పమ్మ. అని, ఉతికిన చొక్కా తీసిచ్చింది.

తణుకులో టీచరుగా చేస్తున్న కూతురు పెర్సిస్ సెలవు పెట్టి తోడొచ్చింది. ఏడాది కిందట ఇస్సాకుకి పక్షవాతం కొంచెంలో తప్పింది గానీ, ఎడమచేతి వేళ్ళు మొద్దుబారిపోయాయి. అప్పటినుంచీ గిటారు బీరువా మీదే ఉంది. చర్చిలో ఇప్పుడు కీబోర్డు. కీబోర్డుకి గూడెం ఆమెన్ రాదు. పాట అయిపోతే టక్కున ఆగిపోతుంది.

హాల్లో జనం పల్చగా ఉన్నారు. ఆడవాళ్ళ వైపు అడ్డుగోడ ఎప్పుడో తీసేశారు. క్లబ్బు పాట రాగానే పెర్సిస్ తండ్రి మొహం చూసింది, తెర చూడలేదు. ఆ గిటారు పరుగులు తీస్తుంటే ఇస్సాకు కుడిచేయి మోకాలి మీద దరువేసింది. ఎడమచేయి ఒళ్ళో పడుకుని ఉంది.

పాట అయింది. గిటారు పైకెళ్ళింది. తొంగిచూసింది. దిగింది.

ఎవరూ ఏమీ అనలేదు. ఇస్సాకు తన నోరు తనే నొక్కిపట్టుకున్నాడు, ముందు రావలసినది ముందు రావాలని. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. తెర మీద విలన్ సీసా ఎత్తాడు. ఇంకెక్కడి మనిషి, ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది, తనే ఆలస్యం చేశాడు అనుకుని ఇస్సాకు తల దించుకున్నాడు.

"ఆమెన్."

వెనకనుంచి వచ్చింది. వణుకుతోంది గానీ అదే గొంతు. ఇస్సాకు లేచి, కుర్చీలు పట్టుకుంటూ ఆ వైపు నడిచాడు. తెర వెలుగులో తెల్లచీర కొంగు తలమీదుగా కప్పుకున్న ముసలావిడ. దగ్గరికెళ్ళి చూసి అలాగే నిలబడిపోయాడు.

ఆవిడ పాపాయమ్మగారు. ఎలీయాజరుగారి భార్య. ఊళ్ళో అందరినీ అడిగినవాడు ఆవిణ్ణి మాత్రం అడగలేదు. అడిగే ఊహ కూడా రాలేదు. పెద్దాయన పోయాక ఆవిడ కొల్లేటి లంకలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు.

"ఏంటబ్బాయ్ అలా చూస్తన్నావ్? కూర్చో, వెనకాల వాళ్ళకి అడ్డం," అన్నారావిడ.

"అమ్మగారూ... మీరాండి? ఆ రోజు కూడా మీరేనాండి?"

"నేను కాక ఇంకెవరు? మన కుర్రోడు వాయించాడంటే వినాలనిపించింది. పనిమనిషి చీర కట్టుకుని ముసుగేసుకొచ్చాను. పాట అయిపోయాక నా నోరు నా మాట వింటేగా! ఇప్పుడు హాలు పడగొడతారంటే మళ్ళీ ఒకసారి విందామని గణపవరం మీదుగా బస్సులో వచ్చాను."

"మరి అయ్యగారికి తెలీదాండి?"

"నేనే చెప్పాను. నీ విచారణకి ముందురోజు అన్నం వడ్డిస్తా చెప్పాను. 'ఏవండీ, సినిమాహాల్లో మొదటి ఆమెన్ నాదేనండి. ఆ కుర్రోడి గిటారు తీసేస్తే నన్నూ బల్ల నుంచి తీసేయండి' అన్నాను."

"ఆయనేమన్నారండి?"

"ఏమీ అనలేదు. అన్నం తిన్నారు. చెయ్యి కడుక్కున్నారు. తుడుచుకుంటా అప్పుడడిగారు, 'బాగా వాయించాడా?' అని. బాగా వాయించాడండీ అన్నాను. 'ఊఁ' అన్నారు."

ఇస్సాకు కుర్చీలో కూలబడ్డాడు. ఒక్కరి కోసం వెతికితే ఇద్దరు దొరికారు. ఒకరు ఇక లేరు. జంకాడనుకున్న మనిషి జంకలేదు, ఆ రాత్రంతా ఆలోచించి తన కట్టుబాటునే పక్కన పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా అనుకున్నట్టే రెండు చేతులూ జోడించాడు. కన్నీళ్ళు ఆగలేదు. "మీరు లేకపోతే నేను లేనండి," అని మాత్రం అనగలిగాడు.

"ఊరుకో. నీ ఆమెన్ లేక నాకు అక్కడ లంకలో పాటలే ముగియటం లేదు. ఈ ఆదివారం గూడెం చర్చికొస్తాను. వాయిస్తావా?"

ఇస్సాకు తన ఎడమచేయి వైపు చూశాడు. ఆవిడా చూశారు. సమాధానం చెప్పింది వెనకే వచ్చి నిలబడ్డ పెర్సిస్. "వాయిస్తారండి."

పెర్సిస్‌కి గిటారు రాదు. ఇంటికెళ్ళాక గిటారు మీద దుమ్ము దులిపి తండ్రి పక్కన కూర్చుంది. తీగలు నొక్కడం ఆమె చేయి, మీటడం ఇస్సాకు కుడిచేయి. పాట కాదు, ఆ ఒక్క ఆమెన్ మాత్రమే. వేళ్ళు కందిపోయేదాకా నేర్చుకుంది. "దిగడానికి తొందరపడకమ్మా, ముందు బాగా తొంగిచూడు," అని తండ్రి నస పెడుతూనే ఉన్నాడు. పుష్పమ్మ వంటింట్లోంచి ప్రతిసారీ "ఆమెన్" అంటూనే ఉంది.

సంగతి శనివారానికే సంఘమంతా పాకింది. ఆదివారం మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు చాపల మీద కిక్కిరిసి కూర్చున్నారు. ఆఖరి పాట కీబోర్డు మీద సాగి టక్కున ఆగింది. అప్పుడు తండ్రీ కూతుళ్ళ గిటారు మొదలైంది. ఒక తీగ సరిగా నొక్కుకోక జుయ్యిమంది. అయినా పైకెళ్ళింది, తొంగిచూసింది, దిగింది.

అలవాటు ప్రకారం అందరూ అనాలి. ఒక్కరూ అనలేదు. సంఘమంతా ఆడవాళ్ళ వైపు తిరిగి ఎదురుచూసింది. పాపాయమ్మగారికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, పక్కనున్న కూతురి భుజం ఆసరాగా లేచి నిలబడి, "ఆమెన్" అన్నారు.

అప్పుడు మిగతావాళ్ళందరూ అన్నారు.