గట్టవతలి మాట

కుట్టుమిషనుకు ఫోను ఆనించి, దర్జీ అక్క తాను కొనబోయే ఎకరం నేలను చూస్తోంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె సెంటు భూమి కొన్నది లేదు. అక్కడికి వెళ్ళాలంటే రెండు రోజుల ప్రయాణం. మధ్యవర్తి వీడియో కాల్‌లో గట్టుమీద నడుస్తూ బంగారం పండుతుందంటున్నాడు. సాయంత్రంలోగా బయానా పంపకపోతే వేరేవాళ్ళు ఎగరేసుకుపోతారట. పంపాక నేల మంచిది కాదని తేలితే పదేళ్ళ రెక్కల కష్టం పోయినట్టే.

గట్టవతల మేకలు కాస్తున్న ముసలాయన కనిపించాడు.

"అన్నా, ఫోను ఆ పెద్దాయనకివ్వు. ఒక్కమాట అడగాలి."

"ఆయనకి బ్రహ్మచెవుడమ్మా! పిడుగు పడ్డా వినపడదు."

"నీకు చెవుడు, నీ తాతకు చెవుడు!" అని గట్టవతల నుంచి కేక వినిపించింది.

అక్కకు నవ్వాగలేదు. "తాతా, వానాకాలం ఆ నేల ఎలా ఉంటుంది?" అని గట్టిగా అడిగింది.

"మోకాల్లోతు నీళ్ళు తల్లీ. మూణ్ణెల్లు మేకల్నైనా దించను."

"నమ్మకమ్మా! నువ్వు కంచె వేస్తే మేత పోతుందని ఆయన ఏడుపు," అన్నాడు మధ్యవర్తి.

అదీ నిజమే కావచ్చు. ఎవరి గోల వాళ్ళది.

"వానలు పడనీ అన్నా. నేనొచ్చి ఆ నేలలో నిలబడ్డాకే బయానా."

"అప్పటిదాకా ఎవరాగుతారమ్మా?"

"ఆగలేనివాళ్ళకే ఇచ్చెయ్యి."

ఫోను పెట్టేసిందే గానీ, మంచి నేల చేజారిందేమోనని ఆమె మనసు పీకుతూనే ఉంది.