తలా ఒక ప్రింటు

“మా చరిత వేసిచ్చేస్తుందండీ, తలా ఒకటి. మెషీన్‌లో పెట్టి తిప్పడమేగా.”

వంటింట్లో పులిహోర కలుపుతూ విన్నాను. ముందుగదిలో మా ఆయన లోకేష్, ఇక్కడి రింగాస్కిడీ మందుల ప్లాంటులో తనతో పనిచేసే పదిమందికి గోడమీది నా ప్రింటు చూపిస్తున్నాడు.

మా ఇంటి వెనక మిట్ట, దానిమీద గాలికి వాలిపోయిన ఒకే ఒక్క చెట్టు. దాన్ని రాగి రేకు మీద సూదితో గీసి, యాసిడ్‌లో ముంచి, సిరా పట్టించి అచ్చు తీయడానికి నాకు ఎనిమిది శనివారాలు పట్టింది. శనివారం అంటే ఈ అచ్చుబొమ్మల క్లాసు, వారం మొత్తంలో నాకంటూ మిగిలే మూడు గంటలు. నేనూ ఉద్యోగం చేస్తున్నానన్న సంగతి మా ముందుగదిలో ఎవరికీ గుర్తుండదు. పది అచ్చులంటే ఇంకో నాలుగు శనివారాలు. కొత్త బొమ్మ కోసం కొనుక్కున్న రేకు సొరుగులోనే ఉంది, దాని గతేమిటి? ఒళ్ళు మండిపోయింది. అయినా నవ్వుతూనే వడ్డించాను. అలా నవ్వినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

వాళ్ళు వెళ్ళాక, “నన్నొక మాట అడగొచ్చుగా” అన్నాను.

“టైంపాస్‌కి వేసేదేగా చరితా. ముచ్చటపడ్డారు పాపం. నీకూ పేరొస్తుంది.”

వారమంతా ఏ పనిమీదా కుదురు లేదు. మా అమ్మాయి సుధేష్ణ రెండుసార్లు అడిగింది, “ఆర్ యూ గ్రాండ్, మామ్?” అని, ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో బాగానే ఉన్నావా అని.

శనివారం క్లాసులో, అచ్చుల కోసం మొదటి మూడు కాగితాలు తడిపి పెట్టుకున్నాక, మా టీచర్ ఓర్లా పాత ఫ్రెంచి ప్రింట్లు కొన్ని బల్లమీద పరిచింది. నూటయాభై ఏళ్ళ కిందట అక్కడి చిత్రకారులు కొందరు రాగి రేకులు పట్టుకుని అడవుల్లోకి పోయి, చెట్ల ముందే కూర్చుని గీసేవారట. వాళ్ళకి భోజనం ఎవరు కట్టిచ్చారో అనుకున్నాను. ఒక ప్రింటులో చెరువు, చుట్టూ ఓక్ చెట్లు, అన్నిటి మీదుగా మూల నుంచి మూలకి రెండు గీతలు.

“అయ్యో, పాడైందా?”

“లేదు. అనుకున్నన్ని అచ్చులు తీశాక, ఇక చాలని రేకు మీద ఇలా గీసేసేవాళ్ళు. గీసేశామని చూపడానికి చివర్న తీసిన అచ్చు ఇది. తర్వాత ఎవరడిగినా ఇంకొకటి రాదు.”

నా రేకు తెచ్చి ముందు పెట్టుకున్నాను. సూది తీశాను. చెట్టు దగ్గర చెయ్యి ఆగిపోయింది, ఏడుపొచ్చింది. అయినా గీశాను, మూల నుంచి మూలకి, రెండుసార్లు.

ఇంటికి రాగానే లోకేష్ అడిగాడు. “పదీ అయ్యాయా?”

“లేదు. ఇక రావు. రేకు మీద అడ్డంగా గీసేశాను.”

“ఏంటి నువ్వు? ఇప్పుడు వాళ్ళకేం చెప్పను?”

“నన్ను అడగలేదని చెప్పండి.”