ఎవరి కూతవేటు?

అక్కకి చెవులు పోయి ఏడాదిన్నర అయింది. అయినా చెల్లెలు అలవాటు మానుకోలేకపోయింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "అక్కా!" అని ఒక్క కేక వేస్తుంది. వేశాక నాలిక్కరుచుకుంటుంది. ఆ కేక ఇల్లంతా తిరిగి, ఎవరికీ అందక, మళ్ళీ తన దగ్గరికే వచ్చేస్తుంది.

పైగా అక్కవి మామూలు చెవులా! పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫైరెండేళ్ళు కూర్చున్న మనిషి. అవతలివాళ్ళు నోరు తెరవకముందే, ఊపిరిని బట్టి "నాలుగో వార్డు డాక్టరుగారే కదూ" అనేది. ఏడుస్తున్నవాళ్ళకి ముందు లైను కలిపేది, అరిచేవాళ్ళని కాసేపు ఆపేది. అలాంటి చెవులు ఒక్క జ్వరంతో మూసుకుపోయాయి.

ఇప్పుడామె కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఎదురుమేడ మీద తుప్పుపట్టిన యాంటెనా ఒకటుంది. చలికాలం పొడుగునా రోజూ పొద్దున్నే గుప్పెడంత పిట్ట ఒకటి దాని మీద వాలి కూస్తుంది. ఎండలు ముదిరాయంటే వెళ్ళిపోతుంది. అక్క తన పాత కెమెరాతో ఎన్నిసార్లు తీసినా యాంటెనా మీద మిరియపు గింజ పడినట్టే వచ్చింది.

"పొడుగు లెన్సు కావాలే. అది కూస్తున్నప్పుడు తియ్యాలి," అంది.

చెల్లెలు కిటికీలోంచి ఎండ వంక చూసింది. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. తీరా లెన్సు తెచ్చేసరికి పిట్ట వెళ్ళిపోతే? ఈ ఇంట్లోంచి వెళ్ళిపోయినవాళ్ళు చాలరూ? 'వచ్చే ఏడు చూద్దాంలే' అని ఇద్దరికీ మధ్య ఉండే పుస్తకంలో రాసింది.

అక్క చదివి, "వచ్చే ఏడాదికి నా కళ్ళు కూడా సెలవు పెట్టేస్తేనో?" అంది నవ్వుతూ.

మర్నాడు ఇద్దరూ కొట్టుకి వెళ్ళారు.

కొట్టు ముసలాయన్ని అందరూ గాజులాయన అంటారు. బోర్డు మీద 'కెమెరా' అన్న మాట ఎండకి వెలిసిపోయి 'గాజులు' ఒక్కటే మిగిలింది. వారానికొకరైనా చేతులు చాపుకుంటూ లోపలికి వస్తారు.

"చేతికి తొడిగేవి కావమ్మా, కంటికి తొడిగేవి," అన్నాడు వీళ్ళని చూడగానే.

"తెలుసు బాబాయిగారూ. పిట్టల ఫొటోలకి పొడుగు లెన్సు కావాలి," అంది చెల్లెలు.

ఆయన బీరువా తియ్యలేదు. పెన్సిల్ తీసుకున్నాడు. "పిట్టకీ మీకూ ఎంత దూరం?"

"ఏమో మరి... కూతవేటు దూరం."

"ఎవరి కూత? మీదా, పిట్టదా?"

ఆయన సరదాగానే అన్నాడు. చెల్లెలికి మాత్రం ప్రాణం చివుక్కుమంది. ఈ మాట అక్కకి ఎలా రాసి చూపించడం? చూపించకపోతే అక్క ఊరుకోదు. తలవంచుకుని రాసి ఇచ్చింది.

అక్క నవ్విన నవ్వుకి బీరువా అద్దాలు గల్లుమన్నాయి. "పిట్టదేనండీ! నా కూతైతే ఊరవతలికి వినిపిస్తుంది. నా మాట నాకే వినపడక అరుస్తున్నానని మా చెల్లి గోల." తర్వాత చూపుడువేలు తన గొంతు గుంట మీద పెట్టుకుంది. "పిట్ట ఎలాగూ కనిపిస్తూనే ఉంది. నాకు కావలసింది ఇక్కడ. బఠాణీ అంత చోటు. కూసినప్పుడు అక్కడి ఈకలు వణుకుతాయి. అది చూస్తే నాకు కూత అందినట్టే."

గాజులాయన పెన్సిల్ కింద పెట్టేశాడు. "ఇన్నేళ్ళలో పిట్ట కావాలన్నవాళ్ళే గాని కూత కావాలన్నవాళ్ళు రాలేదు తల్లీ," అన్నాడు చెల్లెలితో, మెల్లగా.

రెండు లెన్సులు తీశాడు. ఒకటి తేలిక, సాగదీస్తే పొడుగవుతుంది. రెండోది మోచెయ్యంత పొడుగు, ముందు గాజు పళ్ళెమంత. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తెచ్చి, వెనక వసారాలో స్టాండుకి బిగించాడు. దూరాన నీడగా ఉన్న గోడ మీద కాకి ఒకటి వాలి ఉంది.

తేలికదాంట్లో కాకి కనిపించింది గాని గొంతు నల్లటి మరకలా ఉంది. బరువుదాంట్లో కన్ను పెట్టిన అక్క ఇక కదల్లేదు.

"అరుస్తోంది," అంది.

నిజంగానే అరుస్తోంది.

"ఆగింది."

ఆగింది.

"ఇదిగో, మళ్ళీ."

చెల్లెలు కాకిని వదిలి అక్క వైపు తిరిగింది. లైను కలుపుతున్నప్పటి గొంతు అది. ఏడాదిన్నరగా వినని గొంతు.

అయినా భయం పోలేదు. "ఇంత బరువు అక్క మొయ్యలేదండీ."

"ఎందుకు మొయ్యాలి? పిట్ట వెంట తిరిగేవాళ్ళకి తేలిక లెన్సు. పిట్ట కోసం కాచుకునేవాళ్ళకి బరువు లెన్సు. మీ అక్కగారు ఏం చేసేవారు?"

చెప్పింది.

"ఇంకేం! ముప్ఫైరెండేళ్ళు కుర్చీ కదలకుండా కాచుకున్న మనిషి. స్టాండు మీద పెట్టుకుని కూర్చోమనండి, పిట్టే డ్యూటీకి వస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. దీనికి దగ్గరివాళ్ళు ఆనరు. పదిహేనడుగుల లోపల అంతా మసకే."

మర్నాడు కిటికీ దగ్గర స్టాండు మీద బరువు లెన్సు వెలిసింది. పిట్ట వచ్చింది. ఏడు రోజులు డ్యూటీ తప్పలేదు. నోరు తెరిచిన ఫొటోలో గొంతు ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అక్క పొద్దున్నే "లైను కలిసింది!" అని అరిస్తే పక్కింటివాళ్ళు లేచేవారు.

ఎనిమిదో రోజు యాంటెనా ఖాళీ. తొమ్మిదో రోజూ అంతే. చెల్లెలు అనుకున్నంతా అయింది. అక్క మాత్రం లెన్సు దగ్గరే కూర్చుంది. ఆ వీపు చూస్తూ ఉండలేక చెల్లెలు సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళిపోయింది.

తిరిగొస్తూ వీధి మలుపులో తలెత్తింది. కిటికీలోంచి పెద్ద గాజు తళుక్కుమంది. దానికి దగ్గరివాళ్ళు ఆనరన్న సంగతి గాని, అక్కకి వినపడదన్న సంగతి గాని ఆ క్షణాన ఏదీ గుర్తు రాలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అక్కా!"

నాలిక్కరుచుకోబోయింది.

"ఆఁ! వినపడిందిలేవే!" వీధి వీధంతా అదిరేలా కిటికీలోంచి జవాబు. "మళ్ళీ పిలువు! ఫొటో తీస్తాను. గొంతు దాచకు, ఆ పైట కాస్త సర్దుకో!"

వీధిలో జనం ఆగి చూస్తున్నారు. చెల్లెలు సంచీ కింద పెట్టి, పైట పక్కకి సర్ది, తల పైకెత్తి మళ్ళీ పిలిచింది.