నల్లపెట్టెలో గొంతు

విమానం సముద్రంలో పడిందని రేడియో చెప్పినా, అజ్మత్ బీ కొడుకు చావును ఒప్పుకోలేదు. అహ్మద్ శవం దొరకలేదు. శవం లేకున్నా జనాజా నమాజు చదివిద్దామని మసీదు పెద్దలు అంటే, నా కొడుకు గొంతు వినేదాకా ఆ మాట ఎత్తొద్దని తెగేసి చెప్పింది. ఎల్లారెడ్డి ఊళ్లో ఆమెకు ఎదురు చెప్పే మగాడు ఇంకా పుట్టలేదు.

కోడలు సయీదాకు ఆ మొండితనమే దిక్కయింది. నమాజు అయిపోతే తను విధవ. కానంతవరకు అహ్మద్ పెళ్లాం.

గొంతు ఎక్కడి నుంచి వస్తుందంటారా? విమానంలో మాటలు పట్టే నల్లపెట్టె ఉంటుందనీ, దాన్ని సముద్రంలోంచి తీశారనీ పేపర్లో పడింది. ఇంకేం కావాలి ఆ ఇంటికి! చదువురాని అహ్మద్ దుబాయి నుంచి ఏనాడూ ఉత్తరం రాసిన పాపాన పోలేదు. సెలవు మీద వచ్చేవాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. ఒక వైపు తల్లికి, రెండో వైపు పెళ్లానికి. అలాంటివాడు విమానం పడిపోతుంటే ఆ పెట్టెలో తమకు నాలుగు మాటలు చెప్పకుండా ఉంటాడా? సయీదా టేపురికార్డరులో కొత్త సెల్లులు వేసి, బీడీలు చుడుతూ గుమ్మం వైపే చూసేది.

ఖయ్యూం రాకతో ఆ ఆశకు నూరేళ్లు నిండాయి. అతను అజ్మత్ బీ చెల్లెలి కొడుకు, కామారెడ్డివాడు. గల్ఫ్‌లో విమానాల మెకానిక్కుల దగ్గర పని. క్యాసెట్ ఎప్పుడు పంపుతారని సయీదా అడిగితే, చాయ్ గ్లాసు కింద పెట్టి మెల్లగా చెప్పాడు. ఆ పెట్టె తీగలు పైలట్ల గది దాకే పోతాయి. టేపు అరగంటే తిరుగుతుంది, పాత మాటల మీద కొత్తవి ఎక్కుతుంటాయి. ప్రయాణికుల సీట్ల దగ్గర మైకులుండవు.

అబద్ధమైనా చెప్పొచ్చు కదా అని సయీదా అతని మీద మండిపడింది మనసులో.

అజ్మత్ బీ కదల్లేదు. "పైలట్ల మాటలన్న దొరికినయా బేటా?"

"దొరికినయి ఖాలా. పేపర్ల రాసిన్రు."

"ఏమన్నరు?"

"అన్ని మిషన్ల ముచ్చట్లే. ఏ ఇంజను ఆగింది, ఎంత ఎత్తుల ఉన్నం, గవే."

"ఎనుక గంతమంది కూసున్నరు గద. వాళ్ల గురించి ఒక్క మాటన్న అన్నరా?"

"లేదు ఖాలా," అన్నాడు ఖయ్యూం.

అజ్మత్ బీ వచ్చి కోడలి పక్కన కూలబడింది. "వాళ్లకు మనోడు యాదికే రాలే బిడ్డా. మనమన్న వాని పేరు తీసుకుందం. రేపు నమాజు చదివిద్దం."

వద్దనాలనుకుంది సయీదా. ఇంకొక్క రోజు ఆగమని కాళ్లు పట్టుకోవాలనుకుంది. అత్త అప్పటికే మసీదుకు కబురు చెప్పమని ఖయ్యూంను పంపేసింది.