ఇంటిల్లిపాదికీ తెలిసిన కోడ్

మా ఇళ్లలో అతిథికి టీ గిన్నె నిండా పోయకూడదు. నిండా పోస్తే ఇక లేవండి అన్నట్టు. రెండు గుక్కలే పోయాలి, తాగగానే మళ్లీ పోయాలి. అందుకే కోడలు టీ నీళ్లు కాగే సమోవర్ దగ్గర్నుంచి కదలడానికి వీల్లేదు. మరిది పెళ్లికి ముందు మూడు రోజులూ నేనక్కడే ఉన్నాను. నా ఫోను మాత్రం ఇల్లంతా తిరిగింది.

దాని కోడ్ అందరికీ తెలుసు. పెళ్లైన కొత్తలోనే మా ఆయన కుబానిచ్ అడిగాడు, "మొగుడూ పెళ్లాల మధ్య తాళాలేంటే?" అని. చెప్పేశాను. "కోడలికి దాపరికాలేం ఉంటాయిలే" అంటూ అత్తగారూ నేర్చుకున్నారు. చూడండి నా తెలివి! మా రాజధాని బిష్కెక్‌లో ఒక బ్యాంకు ఫైర్‌వాల్ చూసుకునేది నేనే. బయటి నుంచి వచ్చే ప్రతిదాన్నీ అది ఆపి, ఎక్కడిది, ఎవరికి అని చూస్తుంది. నేను రాసిన జాబితాలో ఉంటేనే లోపలికి వదులుతుంది. లోపలివాళ్లకైనా వాళ్ల పనికి కావలసినంతే తెరుస్తాను. ఎవరు ఏ నిమిషంలో ఏం తెరిచారో నమోదవుతుంది. డైరెక్టరు అడిగినా "ఏ పనికి సార్?" అంటాను. ఇంట్లో ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు.

పెళ్లి మర్నాడు అట్‌బషిలోని మా పుట్టింటి నుంచి పిన్ని ఫోన్ చేసింది. అమ్మ పోయింది. ఆనవాయితీ ప్రకారం గట్టిగా ఏడుస్తూ అమ్మ ఇంటి గుమ్మం దాటుతుంటే పిన్ని నన్ను పట్టుకుంది.

"గుండెల్లో నొప్పిగా ఉందని మంగళవారమే వాయిస్ మెసేజ్ పెట్టిందే! విన్నట్టు నీలం టిక్కులు పడ్డాయి. నా కూతురు జిల్దిజ్ వస్తుంది, తలుపు గడియ పెట్టకండి అంటూ కూర్చుంది మీ అమ్మ."

నేను వినలేదు. ఎవరో తెరిచేసిన మెసేజ్ కాబట్టి కొత్తదని కూడా కనబడలేదు. అక్కడే కుబానిచ్‌ని అడిగాను.

"మా అమ్మ విందిలే" అన్నాడు తల దించుకుని. "పెళ్లయ్యాక చెబుదామంది. నలభై మంది చుట్టాలు, టీ ఎవరు పోస్తారు?"

అమ్మ పోయిన నలభయ్యో రోజు దాటాక గానీ ఆ మెసేజ్ వినే ధైర్యం రాలేదు. "తల్లీ, ఒంట్లో బాగాలేదు. నిన్నొకసారి చూడాలనుంది. మీ అత్తగారిని అడుగు. వద్దంటే గొడవపడకు, రాకు." ఆయాసపడుతూ అంది. బ్యాంకు మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. తర్వాత కోడ్ మార్చాను.

సాయంత్రం కుబానిచ్ నా ఫోను తీశాడు.

"ఇదేంటే, తెరుచుకోవట్లేదు?"

"మార్చాను."

"అమ్మ అడిగితే ఏం చెప్పను?"

"చచ్చిపోతూ కూడా మా అమ్మ ఆవిడ అనుమతే అడగమందని చెప్పు. నేనిక అడగను."