సున్నా కాదు, ఇంకా తెలీదు

అయినా ఆ గడిలో సున్నా ఎందుకు పెట్టాను, ఖాళీగా ఉంటే బాగోదని, అంతే, అందానికి పెట్టిన సున్నా నిన్న అప్పలసూరి మావ ప్రాణం మీదికి తెచ్చింది, పడవలోళ్ల కోసం ఫోనులో నేను చేసిన పేజీలో గాలివేగం సున్నా అని చూసి పడవ తోసేశాడు, వాతావరణం సర్వరు నుంచి జవాబు అప్పటికి రానేలేదు, ఈ ఒడ్డున టూజీ సిగ్నలు అలాంటిది, వచ్చేసరికి ఆయన అలల అవతల ఉన్నాడు, వల పోగొట్టుకుని, తడిసి ముద్దై తిరిగొచ్చి, సున్నా అంటే గాలి నేదనే కదే మెర్సీ అన్నాడు, తిట్టినా బాగుండేది.

తిట్టింది ఆయన భార్య బుల్లమ్మత్త, ఒసే, మొగోళ్లు వేటకెల్లినాక ఎవులడిగినా బాగున్నారని సెప్తామేటే, కబురు నేదంటాం, ఒడ్డు తగిల్నాకే బాగున్నారంటాం, నీ పోనుకి ఆపాటి తెలీదేటి, ఫోనుకి కాదత్తా, బుద్ధి నాకే లేదు, ఇంటికెళ్లి నేను రాసిన ఇరవై వరసల కోడూ చెరిపేసి, ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, లైబ్రరీ అంటారు, అలాంటి చిన్నదొకటి తగిలించాను, బ్రౌజరు నుంచి సర్వరుని అడగడానికి దానితో మూడు వరసలు చాలు, అడుగు, వస్తే ఇది చెయ్యి, రాకపోతే ఇంకా తెలీదు అను, ఇన్నాళ్లూ ఆ మూడోది రాయనేలేదు నేను, ఛీ.

తెల్లారింది, మావ చెయ్యి పడవ మీద, కళ్లు నా ఫోను మీద, గడిలో ఇంకా తెలీదు అని ఉంది, సముద్రమా చాప పరిచినట్టుంది, ఎల్లిపోతన్నానే, ఆగు మావా, ఎంతసేపే, కబురొచ్చేదాకా, రా తల్లీ రా, వచ్చింది, యాభై రెండు, పగటికి గాలి గంటకి యాభై రెండు కిలోమీటర్లు, మావ ఫోను చూశాడు, పెళ్లాన్ని చూశాడు, పైకి లాగండ్రా అని కేకేశాడు, పదకొండు పడవలూ ఇసక మీదికి, మధ్యాహ్నానికి మా చర్చి రేకులు రెండు లేచిపోయాయి, రేకులు పోతే పోనీ, ప్రభువా, నేను గెలిచాను, పిచ్చిదానిలా నవ్వుతున్నాను, పక్కన బుల్లమ్మత్త ఫోనులో కూతురికి అరుస్తోంది, బాగున్నారే, అందరూ ఒడ్డు మీదే ఉన్నారు, బాగున్నారు, పడవలు తిరిగొస్తే గాని అనని మాట ఇవాళ గాలి హోరులోనే అంటోంది, ఆ మాట వినాలంటే ముందు తెలియనిదాన్ని తెలియదని చెప్పాలి, అంతే, నాకు ఇవాళ తెలిసింది అదొక్కటే.