బొట్టు పెట్టని కొలజాడీ

నేను ఒక కొలజాడీని. లీటరు పట్టే గాజు గొట్టాన్ని. ఒంటినిండా గీతలు, మూతి దగ్గర చిన్న పెచ్చు. మీరు స్నానాలు చేసి, గిన్నెలు కడిగి, ఇక మా పని అయిపోయిందని వదిలేసే నీళ్లన్నీ చివరికి నా దగ్గరికే వస్తాయి. ముక్కు మూసుకోకండి. నేనెప్పుడూ మూసుకోలేదు.

నన్ను ఊది గీతలు చెక్కినవాళ్లు నేనేదో కాలేజీలో రంగురంగుల ద్రావణాల మధ్య బతుకుతాననుకుని ఉంటారు. అట్టపెట్టెలో గడ్డి మధ్య పడుకుని వస్తూ నేనూ అలాగే అనుకున్నాను. దిగింది మాత్రం ఒక పట్టణపు మురుగునీటి శుద్ధి కేంద్రంలో. మొదటి రోజే ఆపరేటర్ రాజేశం నన్ను గాలి ఊదే తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, గోధుమరంగు మురుగుతో నింపి, గట్టు మీద నిలబెట్టి గడియారం చూశాడు. అరగంట కదలకుండా నిలబడాలి. అంతే నా ఉద్యోగం.

ఆ తొట్టిలో కంటికి కనబడని జీవులు కోట్లలో ఉంటాయి. రాజేశం వాటిని పురుగులంటాడు. మురుగును తినేది అవే. వాటికి గాలి సరిగ్గా అందితే అరగంటలో బురద నా మూడోవంతుకు దిగి, పైన నీళ్లు తేటపడతాయి. ఆ నీళ్లే దిగువనున్న చామంతి తోటలకు పోతాయి. గాలి అందకపోతే పురుగులు చస్తాయి, మురుగు మురుగుగానే తోటల పాలవుతుంది. పందొమ్మిదేళ్లపాటు ఈ సంగతి రోజూ పొద్దున నేనే చెప్పాను. నాకు ఎవరూ సన్మానం చేయలేదు, నేనూ అడగలేదు.

తర్వాత మీటరు వచ్చింది. ఇంజనీరు సుహాసిని గారు పట్టుబట్టి తెప్పించారు. అది తొట్టిలో వేలాడుతూ నీళ్లలో గాలి ఎంతుందో కంప్యూటరుకు చెబుతుంది. దాన్నిబట్టి కంప్యూటరు గాలి ఊదే మోటార్ల వేగాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. కరెంటు బాగా మిగిలింది. మంచి పనే, కాదనను. నాకు ఒళ్లు మండింది ఇంకోచోట. నన్ను కడిగి వరండాలోని అద్దాల అల్మారాలో నిలబెట్టి, ‘పాతకాలపు పరికరం’ అని చీటీ అంటించారు. పాతకాలమట! నా గీత ఒక్కటైనా చెరిగిందా?

ఆయుధపూజ నాడు మోటార్లకు, స్పానర్లకు, కంప్యూటరుకు, ఆఖరికి ఆఫీసు స్టేప్లర్‌కు కూడా బొట్టు పెట్టారు. మీటరునైతే తొట్టిలోంచి పైకి తీసి, కడిగి, బొట్టుతోపాటు పూలదండ కూడా వేశారు. నా అల్మారా వైపు ఎవరూ తిరగలేదు. బొట్టు లేకపోతే నాకేమిటి అనుకున్నాను గానీ, చిన్నబోయాను. ఆ మాట దాచను.

పండగ వెళ్లిన మూడోరోజుకు వరండాలోకి కుళ్లు వాసన వచ్చింది. కంప్యూటరు తెర మీద మాత్రం అన్నీ పచ్చగానే ఉన్నాయి. రాజేశం తెర చూశాడు, తొట్టి చూశాడు, ఎవరినీ అడగకుండా అల్మారా తలుపు జరిపి నన్ను తీసుకున్నాడు. ఆరు నెలల తర్వాత మళ్లీ నా కడుపు నిండింది. అరగంట గడిచింది. బురద నల్లబడి, కిందికి దిగడం మానేసి బుడగలతో పైకి తేలింది.

నన్ను తీసుకెళ్లి ఇంజనీరు గారి బల్ల మీద పెట్టాడు. “మేడం, బురద దిగుతలేదు. పురుగులకు గాలి అందుతలేదు.”

“గాలి కావలసినదానికంటే ఎక్కువే ఉందని మీటరు చెబుతోంది కదా, రాజేశం గారూ.”

“మీటరు చెప్తది. జాడీ చూపెడ్తది. ఇయ్యాల గాలి పెంచకుంటే రేపటికి ఒక్క పురుగు మిగలదు. మళ్ల పెంచాల్నంటే నెల పడ్తది. అందాక ఈ గలీజు నీళ్లే తోటలకు ఇడుద్దామా?”

ఆవిడ వంగి, బురద నా ఏ గీత దగ్గరుందో చూశారు. నేను కదల్లేదు. కదలకపోవడంలో నన్ను మించినవాళ్లు లేరు. చివరికి ఆవిడే లేచి, తొట్టి దగ్గరికి వచ్చి మీటరును పైకి తీయించారు. దానికి శుభ్రమైన పాలిథిన్ కవరు తొడిగి, మెడ దగ్గర దారంతో బిగించి ఉంది. కవరు నిండా మంచినీళ్లు. దారానికి పైన, మెడ మీద పెట్టిన కుంకుమ బొట్టు చెక్కుచెదరలేదు.

హెల్పర్ కొమురయ్య తల వంచుకున్నాడు. “పూజ చేసినదాన్ని గలీజుల ఎట్ల ముంచాలె మేడం? మనసొప్పలే. అది నీళ్లల్లనే ఉండాలని ఎరుకే. అందుకే మంచినీళ్లు పోసి కట్టిన.”

ఎవరూ తిట్టలేదు. అంత భక్తిని ఏమని తిడతారు? మూడు రోజులుగా మీటరు తన కవరులోని మంచినీళ్లనే కొలిచి గాలి దండిగా ఉందంటుంటే, కంప్యూటరు నమ్మి మోటార్లను తగ్గిస్తూ పోయింది. ఇంజనీరు గారు తన చేత్తోనే దారం తెంపారు. మోటార్లన్నీ తిప్పించి, తోటల కాలువ మూయించి, నీళ్లను నిల్వ గుంటకు మళ్లించారు.

అప్పటినుంచి పూటపూటకూ నన్నే నింపారు. ఐదోరోజు పైన వేలెడు నీళ్లు తేటపడ్డాయి. తొమ్మిదోరోజుకు బురద మళ్లీ నా మూడోవంతుకు దిగింది. కాలువ తెరిచారు. ఆ సాయంత్రం కొమురయ్య నాకు పెట్టడానికి కుంకుమ భరిణె పట్టుకొచ్చాడు. “వద్దు, గీతలు మూసుకపోతయి,” అన్నాడు రాజేశం. నా మనసులో మాటా అదే.

మీటరును తీసేయలేదు, తీసేయకూడదు కూడా. కాకపోతే ఇప్పుడు పొద్దున నా అరగంట అయ్యాకే దాని మాట వింటారు. అల్మారాలో ‘పాతకాలపు పరికరం’ అనే చీటీ ఇంకా అలాగే ఉంది. కేంద్రం చూడటానికి వచ్చినవాళ్లు ఖాళీ అర ముందు నిలబడి, ఆ పరికరం ఏదని అడుగుతారు.

“పనిల ఉంది,” అంటాడు రాజేశం.